పాత రోడ్డు తీసేశాకే కొత్త రోడ్డు వేయండి

సంపాదకులకు నమస్కారం.

మా వీధిలో మళ్ళీ సిమెంటు రోడ్డు వేయబోతున్నారు. మలుపు దగ్గర కంకర, ఇసుక దించి పెట్టారు. రోడ్డు వేయాల్సిందే, అందులో రెండో మాట లేదు. ఇప్పుడున్నది గుంతలు పడింది, మ్యాన్‌హోల్ మూతల చుట్టూ పగిలిపోయింది, రాత్రిపూట స్కూటర్ల మీద వచ్చేవాళ్ళు పడుతున్నారు. నేను అడిగేది ఒక్కటే. పాత రోడ్డు మీద కొత్త రోడ్డు పోయకండి. పాతదాన్ని పగలగొట్టి తీసేసి, అదే మట్టానికి కొత్తది వేయండి. ఇంత చిన్న సంగతికి పత్రికకు ఉత్తరం ఎందుకని కొందరికి అనిపించవచ్చు. తిరుపతిలో ఎంతోమంది పెద్దవాళ్ళు, కాళ్ళు సహకరించనివాళ్ళు గేటు దాటి బయటికి రాలేకపోవడానికీ, గట్టి వాన పడితే నడింట్లోకి నీళ్ళు రావడానికీ కారణం చాలావరకు ఇక్కడే ఉంది. అందుకే రాస్తున్నాను.

నేను ప్రభుత్వ పాఠశాలల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యాను. పసితనంలో పోలియో వచ్చి ఎడమ కాలు చచ్చుబడింది. మా ఊరి బర్డ్ ఆసుపత్రిలో చేసిచ్చిన క్యాలిపర్ (కాలికి కట్టుకునే ఇనుప ఊచల ఆసరా), ఒక చంకకర్ర, ఈ రెండింటి సాయంతోనే ఉద్యోగమంతా చేశాను. ఈమధ్య భుజాలు అరిగిపోవడంతో బయటికి వెళ్ళాలంటే వీల్‌చైర్ తప్పడం లేదు.

మాది బైరాగిపట్టెడ. ఈ ఇల్లు మా నాన్న 1986లో కట్టించారు. 30కి 40 అడుగుల స్థలం, అంకణానికి 36 చదరపు అడుగులనే మన ఊరి లెక్కలో 33 అంకణాల చిల్లర. అప్పుడు వీధి మట్టి రోడ్డు. వీధిలోంచి మూడు మెట్లు ఎక్కితే తిన్నె, తిన్నె దాటితే వాకిలి. మెట్టుకు 6 అంగుళాల చొప్పున మొత్తం అడుగున్నర ఎత్తు. మెట్లతో పాటు పక్క సందు వెంబడి నాకోసం ఏటవాలుగా బండలు పరిపించారు నాన్న. ఆయన ఇంజనీరు కాదు, మెకానిక్కు. ఎంత వాలు పెట్టాలని మేస్త్రీ అడిగితే, "పాప ఒక్కతే ఎక్కిపొయ్యేంత" అన్నారు. నన్ను నాలుగైదు సార్లు ఎక్కించి, దింపించి చూసి మరీ బండలు అతికించారు. చివరికి ఆ వాలు 18 అడుగుల పొడవు వచ్చింది. ఈరోజు మన దేశంలో ర్యాంపుకు ప్రమాణంగా పెట్టుకున్న వాలు కూడా 1కి 12. అడుగు ఎత్తు ఎక్కడానికి 12 అడుగుల పొడవు కావాలి, అడుగున్నరకు 18. నాన్న ఏ పుస్తకమూ చూడలేదు, ఎక్కాల్సిన మనిషిని ఎక్కించి చూశారు.

తర్వాత ఆ మట్టి రోడ్డు మీద తారు పడింది. కొన్నేళ్ళకు తారు మీద ఇంకో పొర తారు. దాని మీద సిమెంటు. ఆ సిమెంటు పగిలితే దాని మీదే మళ్ళీ సిమెంటు. పొర పొరకూ మొదటి మెట్టు పోయింది, రెండోది పోయింది, మూడోదీ పోయింది. ఇప్పుడు రోడ్డు మా తిన్నె కంటే 2 అంగుళాలు ఎత్తులో ఉంది. మీకు మెట్ల బాధ తప్పింది కదా టీచరమ్మా అని ఒకరిద్దరు అన్నారు కూడా. వాన రానంతకాలం ఆ మాట నిజమే.

2021 నవంబరు వానను తిరుపతిలో ఎవరూ మర్చిపోయి ఉండరు. 18వ తేదీ శేషాచలం కొండల మీద పడిన నీళ్ళు ఊరి మీదికి వచ్చాయి. ఘాట్ రోడ్లు మూసేశారు. మా వీధిలో రోడ్డు మీది నీళ్ళు ఎక్కడా ఆగకుండా నేరుగా నడింట్లోకి దిగాయి. బియ్యం డబ్బాలు తేలాయి, నా క్యాలిపర్ తోలు పట్టీలు నాని పనికిరాకుండా పోయాయి. పట్టీలు కొత్తవి వేయించుకునేదాకా నేను మంచం దిగలేదు. నీళ్ళు తగ్గాక మేస్త్రీని పిలిపించాం. ఆయన చుట్టూ చూసి, "టీచరమ్మా, స్తోమతుండేవాళ్ళు జాకీలు పెట్టి ఇల్లే లేపిస్తా ఉండారు. మీరు గేటు కాడ అడుగెత్తు కట్టయినా కట్టకుంటే వచ్చే వానకు మళ్ళా ఇదే గతి" అన్నారు. కట్టించాం. నీళ్ళు ఆగాయి, నేనూ ఆగిపోయాను. బయటికి వెళ్ళాలంటే ఇద్దరు మనుషులు వీల్‌చైర్‌ను ఆ కట్ట మీదుగా ఎత్తి దించాలి. మా కోడలు, ఎదురింటి కుర్రాడు ఇద్దరూ ఇంట్లో ఉన్న టైం చూసుకుని నేను బ్యాంకు పని, మందుల పని పెట్టుకోవాలి. ఇన్నేళ్ళు ఒంటరిగా బస్సెక్కి పల్లెటూరి బడులకు పోయొచ్చాను. ఇప్పుడు నా సొంత గేటు దాటడానికి సాయం అడగాల్సి వస్తోంది. నాన్న పరిపించిన బండలు ఇప్పటికీ గట్టిగానే ఉన్నాయి. అవి దిగే చోటికంటే ఎత్తులోకి వీధే వెళ్ళిపోయింది.

మా ఎదురుగా పాత ఇల్లు పడగొట్టి కొత్తది కట్టారు. పునాది రోడ్డు మీద నుంచి 4 అడుగులు లేపారు. అంత ఎత్తెందుకని అడిగాను. "ఇంగో రెండు మూడు తూర్లు రోడ్డేస్తారు గదా టీచరమ్మా, అప్పటికి సరిపోవాల" అన్నారు ఇంటాయన. ఆ జవాబులో తప్పు పట్టడానికి ఏముంది? ఇల్లు రోడ్డు కంటే పల్లంలో ఉండకూడదని వాస్తు చెప్పేవాళ్ళూ అంటారు. ఆయనకు 80 దాటిన తల్లి ఉంది. గృహప్రవేశం రోజు ఆమెను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి 8 మెట్లు మోసుకుపోయారు. పాత ఇంట్లో ఉన్నప్పుడు సాయంత్రమైతే మా తిన్నె మీదికి వచ్చి కూర్చుని, ఆకు వక్క వేసుకుంటూ వీధి కబుర్లన్నీ చెప్పే మనిషి. ఇప్పుడు ఆసుపత్రికి తప్ప కిందికి దిగడం లేదు. ఆమె దిగలేదు, నేను ఎక్కలేను. ఫోన్లో మాట్లాడుకుంటాం. మా మధ్య ఉన్నది 20 అడుగుల వీధి.

ఆ ఇంటికి ర్యాంపు పెట్టాలంటే 48 అడుగుల వాలు కావాలి. స్థలమే 40 అడుగుల పొడవు. మరి వాళ్ళ ఇంటి ముందు ర్యాంపు ఉంది కదా అంటారేమో, అది కారుకు పెట్టుకున్నది. కారు నిలిపే చోటు 2 అడుగుల ఎత్తు, దానికి గేటు బయట 8 అడుగుల వాలు. ఇంజను ఉన్న బండి ఎక్కుతుంది, వీల్‌చైర్ వెనక్కి బోల్తా పడుతుంది. జాతీయ భవన నిర్మాణ నియమావళి ప్రకారం ఇంటి అరుగు చుట్టుపక్కల నేల కంటే కనీసం 45 సెంటీమీటర్లు ఎత్తు ఉండాలి. అంటే సుమారు అడుగున్నర. మా నాన్న పెట్టించింది అదే. అడుగున్నరకు 18 అడుగుల వాలు, పక్కన ఎలాగూ వదలాల్సిన సందులో మామూలు స్థలంలోనే పట్టేస్తుంది. వీధి మట్టం కదలదని జనానికి నమ్మకం ఉంటే ప్రతి ఇల్లూ ఆ అడుగున్నర దగ్గరే ఆగుతుంది. నమ్మకం లేదు కాబట్టి ఒకరిని చూసి ఒకరు లేపుకుంటున్నారు. డబ్బున్నవాళ్ళు పైకి లేస్తున్నారు. పాత ఇళ్ళవాళ్ళు, కింది వాటాల్లో అద్దెకుండేవాళ్ళు, పెన్షన్ మీద బతికేవాళ్ళు మునుగుతున్నారు.

ఆ కారు ర్యాంపుల సంగతి ఇంకొంచెం చెప్పాలి. మన ఊరు ఉత్తరాన కొండ దగ్గర ఎత్తు, దక్షిణాన స్వర్ణముఖి వైపు పల్లం. నీళ్ళు తమంతట తాము పోవడానికి ఇంతకంటే మంచి వాలు ఏ ఊరికి ఉంటుంది? కొండ మీద నుంచి దిగిన నీళ్ళు వీధి కాలువలు పట్టుకుని కిందికి పోవాలి. ఇల్లు లేచిన కొద్దీ ర్యాంపు పొడవవుతుంది, పొడవైన ర్యాంపు సైడు కాలువను కప్పేస్తుంది. మా వరసలో కాలువ కనిపించే చోట్లు వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. పూడిక తీయడానికి వచ్చే పారిశుద్ధ్య కార్మికులు కనిపించిన చోట తీస్తారు, సిమెంటు కింద ఉన్నదాన్ని వాళ్ళు మాత్రం ఏం చేస్తారు? పైగా రోడ్డు లేచింది, కాలువ గోడలు లేవలేదు. కొన్ని చోట్ల కాలువలోకి దిగాల్సిన నీళ్ళు రోడ్డు అంచు మీదే నిలబడిపోతున్నాయి. గోడ నుంచి గోడ దాకా సిమెంటే కాబట్టి భూమిలోకి ఇంకేది కూడా లేదు. మా మలుపులో కానుగ చెట్టు ఉంది. దాని మొదలు చుట్టూ జానెడు మట్టి కూడా మిగల్లేదు. బోర్లు ఎండిపోతున్నాయని ఎండాకాలంలో ట్యాంకర్లు తెప్పించుకుంటాం, వానాకాలంలో నీళ్ళు ఇళ్ళలోంచి తోడి పోస్తాం.

పోలియో ఇప్పుడు లేదు కదా, ఇంకా ర్యాంపులు ఎవరికండీ అని ఒక పెద్దమనిషి నన్ను అడిగారు. నిజమే, 2014 మార్చిలో మన దేశానికి పోలియో రహిత దేశమని గుర్తింపు వచ్చింది. నాకు ఎంత సంతోషం కలిగిందో మాటల్లో చెప్పలేను. నా తర్వాత పుట్టిన పిల్లలకు ఈ బాధ లేదు. కానీ పక్షవాతం ఉంది, షుగర్ వల్ల కాలు తీసేయించుకున్నవాళ్ళు ఉన్నారు, మోకాళ్ళు అరిగిపోయినవాళ్ళు ప్రతి ఇంట్లో ఉన్నారు. నెలలు నిండిన ఆడపిల్ల మెట్లు దిగేటప్పుడు ఎంత భయపడుతుందో చూడండి. 14.2 కిలోల గ్యాసుతో, ఇనుప బరువుతో సిలిండరు భుజాన వేసుకుని వచ్చే అబ్బాయిని, 20 లీటర్ల నీళ్ళ క్యాను మోసే అబ్బాయిని అడగండి. 2011 జనాభా లెక్కల్లో దేశంలో వైకల్యం ఉన్నవాళ్ళు 2.68 కోట్లని తేల్చారు. ఈ అబ్బాయిలు, ఆ ఆడపిల్లలు, ఎదురింటి పెద్దావిడ ఆ లెక్కలో లేరు.

చట్టం లేదా అంటే ఉంది. దివ్యాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది, 2017 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. జనం వచ్చిపోయే పాత భవనాలన్నీ నియమాలు వచ్చిన ఐదేళ్ళలో అందరికీ అనువుగా మార్చాలన్నారు. నియమాలు 2017 జూన్‌లో వచ్చాయి, ఆ గడువు 2022లోనే దాటిపోయింది. అందరూ వాడుకోగల రోడ్లు ఉండాలని కూడా అదే చట్టంలో ఉంది. 2024 నవంబరు 8న, దివ్యాంగుల హక్కుల కోసం రాజీవ్ రతూరి వేసిన కేసులో సుప్రీంకోర్టు, ఈ ప్రమాణాలు సిఫార్సుల్లాగా ఉంటే చాలదు, తప్పనిసరిగా పాటించాల్సిన నిబంధనలుగా ఉండాలి, 3 నెలల్లో తయారు చేయండి అని కేంద్రానికి చెప్పింది. ఈ తీర్పు చదివినప్పుడు నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. అయితే కోర్టులు ఆఫీసుల దగ్గర, బస్టాండ్ల దగ్గర ర్యాంపులు పెట్టించగలవు. నా గేటు నుంచి ఆ ఆఫీసు దాకా ఉన్న వీధిని ఎవరు చూస్తారు? కాలిబాట అంచు 15 సెంటీమీటర్లకు మించకూడదని రోడ్లకు ప్రమాణాలు రాసే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2012లోనే రాసిపెట్టింది. టేపు పట్టుకుని మన ఊళ్ళో ఏ కాలిబాట అయినా కొలిచి చూడండి.

కొండ మీద స్వామి దర్శనానికి వృద్ధులకూ దివ్యాంగులకూ వేరే ఏర్పాటు ఉంది. దేశంలోని అన్ని మూలల నుంచి కాళ్ళు లేనివాళ్ళు కూడా ధైర్యంగా వస్తున్నారంటే ఆ నమ్మకంతోనే. కొండ కింద ఊళ్ళో పుట్టి పెరిగినవాళ్ళకు పక్క వీధిలో ఉన్న గుడికి పోవడానికి అలాంటి దారి లేదు. గంగ జాతర వారం రోజులూ వీధిలో వేషాలు వెళ్తుంటే మా వీధిలో కొందరు కిటికీల్లోంచే దణ్ణం పెట్టుకుంటున్నారు.

పాత రోడ్డు తీయడం కుదరదని చెప్పే కారణాలు నాకు తెలుసు. ఇంజనీర్లను అడిగాను, విసుక్కోకుండా ఓపికగా చెప్పారు. తారు రోడ్డునైతే యంత్రంతో పైపొర గీకేయవచ్చు, సిమెంటు రోడ్డును పగలగొట్టాలి, ఖర్చు, రోజులు పెరుగుతాయి, కింద మంచినీళ్ళ పైపులు, డ్రైనేజీ పైపులు ఉన్నాయి. ఇవన్నీ నిజమే. కానీ తీయకపోతే ఖర్చు తగ్గినట్టు కాదు, అది మా ఇళ్ళకు చేరుతోంది. ఇల్లు లేపిన ఖర్చు, అడ్డుకట్ట ఖర్చు, తడిసిన మంచాలు, ఫ్రిజ్జులు, ఇవేవీ రోడ్డు అంచనాలో కనిపించవు. పగలగొట్టిన సిమెంటు ముక్కలు పారేయాల్సిన పని కూడా లేదు. కట్టడ వ్యర్థాలను మళ్ళీ వాడుకోవాలని 2016లోనే కేంద్రం నియమాలు చేసింది. ఆ ముక్కలను నలగ్గొట్టి అదే రోడ్డుకు అడుగు పొరగా వేస్తే, ఆ మేరకు కంకర కోసం ఇంకో గుట్ట తవ్వాల్సిన అవసరం తప్పుతుంది.

మనకు పొరుగునే ఉన్న తమిళనాడులో ఇది జరిగింది. 2021 మేలో అక్కడి ప్రభుత్వ ప్రధాన కార్యదర్శిగా ఉన్న ఇరై అన్బు, పాత పొర గీకకుండా రోడ్డు వేయొద్దని, దానివల్ల ఇళ్ళు పల్లంలో పడి నీళ్ళు లోపలికి వస్తున్నాయని ఆదేశాలిచ్చారు. చెన్నై మనకు మూడున్నర గంటల దూరం. అక్కడ పెట్టగలిగిన నియమం ఇక్కడ ఎందుకు పెట్టలేం?

కొత్త కాలనీల విషయంలో అయితే ఇప్పుడే మేలుకోవాలి. పట్టణాల్లో పేదలకు సెంటు స్థలం ఇచ్చారు, అంటే 12 అంకణాలు. అందులో 340 చదరపు అడుగుల ఇల్లు. చాలా చోట్ల ముందు ఇళ్ళు లేస్తాయి, రోడ్డు, కాలువ తర్వాత వస్తాయి. రోడ్డు ఎంత ఎత్తులో వస్తుందో తెలియక ఎవరి అంచనా కొద్దీ వాళ్ళు పునాది లేపుకుంటారు. 12 అంకణాల్లో 3 అడుగుల అరుగు కట్టుకున్నవాళ్ళు 36 అడుగుల వాలు ఎక్కడ పెట్టుకుంటారు? ఆ ఇంట్లో ఎవరికైనా కాలు విరిగితే మంచమే గతి. ఇక పట్టణ పేదలకు ప్రభుత్వం కట్టించే టిడ్కో అపార్టుమెంట్లు నేల మీద ఒకటి, పైన మూడు అంతస్తులు, లిఫ్టు లేదు. దివ్యాంగులున్న కుటుంబాలకు, వృద్ధులకు కింది అంతస్తులో ప్రాధాన్యం ఇవ్వాలని కేంద్రం ఇళ్ళ పథకం మార్గదర్శకాల్లోనే ఉంది. లాటరీ తీసే రోజు అది గుర్తుంచుకుంటే చాలు.

కాబట్టి పాలకులనూ ఇంజనీర్లనూ నేను కోరేది ఇది. రైల్వే స్టేషన్ బోర్డు మీద సముద్ర మట్టం నుంచి ఆ చోటు ఎంత ఎత్తో రాసి ఉంటుంది, అందరం చూసే ఉంటాం. అలాగే ప్రతి వీధి మొదట్లో ఒక లెవెల్ రాయి పాతించండి. ఈ వీధి రోడ్డు మట్టం ఇంత, దీనికి మించి లేవదు అని దాని మీద చెక్కించండి. ఇంటి ప్లాను ఇచ్చేటప్పుడు ఆ రాయి నుంచే పునాది ఎత్తు కొలిచి రాయండి. రోడ్డు బిల్లు చెల్లించే ముందు కూడా ఆ రాయి దగ్గరే కొలవండి, మించితే బిల్లు ఆపండి. కొలత చూడటానికి పెద్ద చదువు అక్కర్లేదు, ఎనిమిదో తరగతి పిల్లలకు నేను నేర్పిన లెక్కే ఇది. ర్యాంపు పెట్టుకునేవాళ్ళు గేటు లోపలే పెట్టుకోవాలని, కాలువ మీద తీసి పెట్టగలిగే జాలీలు మాత్రమే వేయాలని చెప్పండి. ఈ మాట మా వీధివాళ్ళకు కూడా నచ్చకపోవచ్చు. అయినా అడుగుతున్నాను, ఎందుకంటే రోడ్డు లేవదన్న హామీ దొరికితే అంత పెద్ద ర్యాంపు ఎవరికీ అక్కర్లేదు.

మా వీధి పని మొదలుకాక ముందే అంచనా కాగితాన్ని వార్డు సచివాలయంలో గోడకు అంటించండి. పాత రోడ్డు తొలగింపు అందులో ఉందో లేదో మేము చూసుకుంటాం. లేకపోతే చేర్చి, ఆ తర్వాతే పని మొదలుపెట్టండి. నెల రోజులు ఆలస్యమైనా, గుంతల్లో పడుతూ లేస్తూ ఓర్చుకోవడానికి మా వరసలో ఇళ్ళన్నీ ఒప్పుకున్నాయి. మా కోడలు ఇల్లిల్లూ తిరిగి సంతకాలు తీసుకొచ్చింది. ఆ కాగితం ఈ ఉత్తరానికి జతచేసి పంపుతున్నాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ లెక్కల టీచరు,
బైరాగిపట్టెడ, తిరుపతి.